ఫైనల్స్ లెక్క తేలట్లేదు, ఎవరైనా చూడండి ప్లీజ్

క్విజ్‌పిచ్చి:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు పదకొండున్నర. ఫుట్‌బాల్ కప్పు ఫైనల్స్ జాబితా మొత్తం, 1872 నుంచి 2025 దాకా, ఎక్సెల్‌లో చేత్తో కొట్టాను. నా లెక్క 158. సార్ ఇచ్చిన కాగితంలో 144. పోనీ అని 2025లోంచి 1871 తీసేస్తే 154. ఒకటి ఇంకోదానితో కలిస్తే ఒట్టు. వరస వరసా రెండుసార్లు సరిచూశా, తప్పు దొరకలేదు. రేపు పొద్దున తొమ్మిదింటికి కాలేజీలో క్విజ్, జవాబుల కాగితం నేనే ఇవ్వాలి. బుర్ర పనిచేయట్లేదు.

టచ్‌లైన్:
ఏ కప్పు?

క్విజ్‌పిచ్చి:
ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్ అన్నా, ఏటా ఒక ఫైనల్. 1872 నుంచి అంటే ఇంకేముంటుంది?

టచ్‌లైన్:
1916 నుంచి 1919, 1940 నుంచి 1945. యుద్ధాలు. పదేళ్లు ఫైనల్ లేదు. 154లో 10 తీసెయ్.

క్విజ్‌పిచ్చి:
అవును, 144 వచ్చింది! మరి నా 158 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ పదేళ్లకి నేను వరసలే వేయలేదు.

మల్లేపల్లి పెద్దాయన:
బాబూ, యుద్ధం మాట వచ్చింది గాబట్టి చెప్తున్న. 1915 ఫైనల్ మాంచెస్టర్ల ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంల ఆడిండ్రు, షెఫీల్డ్ యునైటెడ్ 3-0తో చెల్సీని కొట్టింది. చూడొచ్చినోళ్లల్ల మస్తు మంది యూనిఫాంల ఉన్న సిపాయిలే, అందుకే దాన్ని ఖాకీ ఫైనల్ అంటరు. 1939ల పోర్ట్స్‌మత్ గెల్చిన కప్పు మళ్ల 1946 దాక వాళ్లదే. అయితే నా బాధ వేరే. మన పిల్లలకు లండన్ల ఉన్న వెంబ్లీ స్టేడియం తెలుసు, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ తెల్వది. 1950 నుంచి 54 దాక ఐదేండ్లు వరుసగ రోవర్స్ కప్ గెల్చి బొంబాయి నుంచి తెచ్చిన టీమది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల మన దేశానికి నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల బంగారం, రెండూ ఆయన చేతి మీదనే. క్విజ్ పెడుతున్నరు గద, ఒక్క ప్రశ్నన్న ఆయన మీద పెట్టుండ్రి.

క్విజ్‌పిచ్చి:
పెడతాం సార్. ముందు ఈ 158 సంగతి తేలనీండి.

వరసలు-గడులు:
విజేత గడిలో పేర్లు చేత్తో రాశారా, ఫార్ములా పెట్టారా?

క్విజ్‌పిచ్చి:
ఫార్ములానే. గోల్స్ ఎవరివి ఎక్కువైతే వాళ్ల పేరు, సమానమైతే ఖాళీ. 17 చోట్ల ఖాళీ వచ్చింది. తర్వాత చూద్దాంలే అని వదిలేశా.

వరసలు-గడులు:
ఆ మాట మొదటే రాయాల్సింది, మీ జవాబు అక్కడే ఉంది. ఆ 17లో 14 రీప్లేకి, అంటే గోల్స్ సమానమై ఇంకో రోజు మళ్లీ ఆడటానికి, వెళ్లినవి: 1875, 1876, 1886, 1901, 1902, 1910, 1911, 1912, 1970, 1981, 1982, 1983, 1990, 1993. మొదటి ఆటకో వరస, రీప్లేకో వరస వేసుంటారు. 144కి 14 కలిపితే 158. మీరు మ్యాచ్‌లు లెక్కపెట్టారు, సార్ ఫైనల్స్ లెక్కపెట్టారు. మిగతా మూడూ పెనాల్టీ షూటౌట్‌తో, అంటే ఆట సమానమయ్యాక ఒక్కొక్కరూ గోల్‌కీపర్ మీద బంతి కొట్టే పోటీతో, తేలినవి. గెలిచినవాళ్లు: 2005 ఆర్సెనల్, 2006 లివర్‌పూల్, 2022 మళ్లీ లివర్‌పూల్. అక్కడ పేరు చేత్తో రాయండి, గోల్స్ గడి ముట్టుకోవద్దు. 2005లో షూటౌట్ 5-4, కానీ మ్యాచ్ స్కోరు 0-0నే.

లెఫ్ట్‌వింగ్:
రీప్లేని లెక్కలోంచి తీసేయడం అన్యాయమండీ. 1970లో చెల్సీ, లీడ్స్ వెంబ్లీలో 2-2. 18 రోజుల తర్వాత ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అదనపు సమయం దాకా వెళ్లింది. చెల్సీ ఆటగాడు హచిన్‌సన్ సైడ్‌లైన్ నుంచి చేత్తో విసిరిన బంతి ఒకరి తలకి తగిలి గోల్ ముందుకొచ్చింది, అదే జట్టు వెబ్ తలతో నెట్టాడు, చెల్సీకి 2-1. కప్పు చేతికొచ్చింది అక్కడ. అసలు ఫైనల్ అదే కదా?

టచ్‌లైన్:
మొదటిది డ్రా. ఫైనల్ ఒకటే.

మల్లేపల్లి పెద్దాయన:
డ్రా అంటే చీటీలు తీసుడు. ఎవరు ఎవరితోని ఆడాల్నో తేల్చేది డ్రా. ఇది సమానం అయిందనుండ్రి.

లెఫ్ట్‌వింగ్:
టై అనొచ్చుగా.

టచ్‌లైన్:
అనకూడదు. క్రికెట్ మాట ఇక్కడికి తేవద్దు. నాకౌట్‌లో, అంటే ఓడితే ఇంటికెళ్లే పోటీలో, రెండు జట్ల మధ్య పోటీ మొత్తాన్ని టై అంటారు.

వరసలు-గడులు:
నేనన్నదీ అదే. 1970లో టై ఒకటి, మ్యాచ్‌లు రెండు.

లెఫ్ట్‌వింగ్:
అలాగైతే వెంబ్లీ 2-2ని ఏమని రాయాలి? ఫైనల్ అనా, ఫైనల్‌లో సగం అనా?

క్విజ్‌పిచ్చి:
రీప్లే వరసలకి పసుపు రంగేసి పక్కన పెట్టా. 144 వచ్చింది. థ్యాంక్స్ అన్నా. పడుకుంటా.

మల్లేపల్లి పెద్దాయన:
రహీం సాబ్ ప్రశ్న పెట్టినవా బాబూ?