అమ్మ కడుపులో కొవ్వు గడ్డ అన్నారు, బయాప్సీ తప్పదా?

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్లు. కాస్త తిన్నా పొట్ట నిండిపోతోందంటే గ్యాస్ అనుకుని నాలుగు నెలలు మాత్రలతో నెట్టుకొచ్చాం. పోయిన వారం అల్ట్రాసౌండ్‌లో 11 సెంటీమీటర్ల కొవ్వు గడ్డ కనిపించింది. ఒక డాక్టర్ లైపోమానే (క్యాన్సర్ కాని మామూలు కొవ్వు గడ్డ), వదిలేయండి అన్నారు. ఇంకొకరు సీటీ, అవసరమైతే బయాప్సీ (సూదితో ముక్క తీసి పరీక్షించడం) అన్నారు. సూది గుచ్చితే పాకుతుందని చుట్టాలు ఒకటే టెన్షన్ పెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, నేను డాక్టర్ని కాను, మా అత్తయ్యకి మూడేళ్ల కింద ఇలాగే బయటపడింది కాబట్టి చెప్తున్నా. సీటీ మాత్రం ఆపొద్దు. అల్ట్రాసౌండ్‌లో గడ్డ తెల్లగా కనిపిస్తే కొవ్వేమో అనుకోగలరు గానీ ఎక్కడ పుట్టిందో, లోపల ఏముందో తేల్చలేరు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూసుకుని, కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసేది) తీయించండి. మాకు రేడియాలజిస్టు గారు స్క్రీన్ మీద చూపించారు, చర్మం కింది కొవ్వు ఎంత నల్లగా ఉందో గడ్డ కూడా అంతే నల్లగా ఉంది, దాని మీద మౌస్ పెడితే మైనస్ 90 అని పడింది. అది సీటీలో సాంద్రత కొలిచే అంకె, నీళ్లకి సున్నా, కొవ్వుకి మైనస్. అత్తయ్యది కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో మైలోలైపోమా, అంటే కొవ్వు, ఎముక మూలుగ కణాలు కలిసిన క్యాన్సర్ కాని గడ్డ. కొవ్వు అంత స్పష్టంగా ఉంది కాబట్టి సూది అక్కర్లేదని, హార్మోన్ పరీక్షలు మాత్రం చేశారు.

మీ అమ్మగారిది పేగుల్ని పట్టి ఉంచే పొరలో ఉందా, వెనక కిడ్నీల చుట్టూ ఉందా అని ముందు అడుగు. వెనక వైపు మామూలు లైపోమా చాలా అరుదు, అక్కడ ఇంత పెద్ద గడ్డ ఉంటే లైపోసార్కోమా (కొవ్వులో పుట్టే క్యాన్సర్) కాదని తేలేదాకా వదలకూడదు. లోపలి గీతలు మందంగా ఉన్నా, కొవ్వు కాని గట్టి ముద్దలు కనిపించినా సార్కోమా కేసులు చూసే క్యాన్సర్ సర్జన్ దగ్గరికే వెళ్లండి. వీపు వైపు నుంచి కోర్ బయాప్సీ (కాస్త లావు సూదితో సన్నటి ముక్క) తీస్తే పాకే అవకాశం చాలా తక్కువ, చుట్టాల మాటకి భయపడొద్దు. తీస్తే ఎండీఎం2 అనే జన్యువు పరీక్ష కూడా అడగండి, మైక్రోస్కోప్‌లో లైపోమా, లైపోసార్కోమా రెండూ ఒకేలా కనిపించినప్పుడు తేడా పట్టించేది అదే.

ప్రశ్న అడిగినవారు: సీటీ అయ్యింది అక్కా. పేగుల పొరలోనే, గీతలు పలుచగా ఉన్నాయి, గట్టి ముద్దలేం లేవు. కానీ పేగుల్ని పక్కకి నెడుతోంది కాబట్టి ఆపరేషన్ చేసి మొత్తం తీసేద్దామన్నారు.

జవాబు: మంచిది తమ్ముడూ. తీసిన గడ్డ మొత్తం పాథాలజీకి పంపుతారు కదా, ఆ రిపోర్టు వచ్చేదాకా లైపోమా అని ఖాయం చేసుకోవద్దు. సీటీ సీడీ, గడ్డ ముక్కల స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు) అడిగి తెచ్చుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకో. రెండో అభిప్రాయానికి వెళ్తే మొదట అడిగేవి అవే.