అప్‌డేట్: నాన్నకు పాము కాటు, దగ్గరి సీహెచ్‌సీకా, నేరుగా గుంటూరుకా?

మినుము చేలో నాన్నను పాము కరిచిందని, దగ్గరి సీహెచ్‌సీకి (సామాజిక ఆరోగ్య కేంద్రం, చిన్న సర్కారు ఆసుపత్రి) వెళ్లాలా, నేరుగా గుంటూరు జీజీహెచ్‌కా (పెద్ద ప్రభుత్వాసుపత్రి) అని ఆ రాత్రి ఇక్కడ అడిగాను. ముందు దగ్గరిదానికే వెళ్లమన్నవాళ్లకు దండాలు, అదే పనిచేసింది.

క్యాజువాలిటీలో డాక్టరు గాజు ట్యూబులో కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు బల్ల మీద పెట్టారు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. వంచి చూస్తే నీళ్లలా జారింది, గడ్డకట్టలేదు. అంటే విషం రక్తంలోకి ఎక్కినట్టే, రక్తపింజరి అయుంటుందన్నారు. వెంటనే సెలైన్‌లో 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) యాంటీవీనమ్, అంటే పాము విషానికి విరుగుడు, ఎక్కించి (పైసా తీసుకోలేదు), ఆ తర్వాతే 108లో గుంటూరు పంపారు.

పామును చంపి తెమ్మన్న సలహా అనవసరం, ఎవరూ అడగలేదు. బాబాయి కాలికి బిగించి కట్టిన తువ్వాలుకు మాత్రం చీవాట్లు పడ్డాయి. ఐదో రోజు ఇంటికొచ్చాం. కాలి వాపు ఇంకా కొంచెం ఉంది.