ఇంటర్‌లో 976, ఎప్‌సెట్‌లో 58: మా చెల్లె ఎక్కడ ఆగిపోతోంది?

కొత్తవాడ అన్న

అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేస్తాడు, నేను మెడికల్ షాపులో పనిచేస్తా. మా చెల్లె ఈసారి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. వెయ్యికి 976. లెక్కల నాలుగు పేపర్లలో మూడింటికి 75కి 75, కెమిస్ట్రీ రెండేళ్లూ 60కి 60. ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే ఎప్‌సెట్‌లో మాత్రం కీ చూసి లెక్కేస్తే 160కి 58. రాంకు 27 వేలు దాటింది.

ఇంటర్ మొదటి ఏడాది నుంచి మా వాడ పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్పేది. ఒక లెక్క తెగకపోతే కంచం ముందు కూర్చొని కూడా దాని గురించే ఆలోచించేది. ఫలితం వచ్చి పన్నెండు రోజులైంది. ఇప్పుడు పిల్లలు వస్తే "రేపు రండి" అని పంపించేస్తోంది. మొన్న రాత్రి నన్ను అడిగింది: "అన్నా, ఇంటర్ మార్కులన్నీ నాకు బట్టీతోనే వచ్చినయా?" ఏం చెప్పాలో తోచలేదు.

ఎప్‌సెట్‌ను నాన్న ఇంకా పాత పేరుతో ఎంసెట్ అనే అంటాడు. ఏడాది ఆపి, మళ్లీ పరీక్ష రాయడానికి హైదరాబాద్‌లో లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో వేద్దామంటున్నాడు. హాస్టల్‌తో కలిపి లక్షన్నర దాకా అడుగుతున్నారు. అమ్మ గొలుసు మాట కూడా ఇంట్లో వచ్చింది. మేము బీసీలం. రాంకు పది వేల లోపు ఉంటే ఫీజు మొత్తం రీయింబర్స్‌మెంట్ వస్తుంది, దాటితే 35 వేల దాకే. అందుకే రాంకు గురించి ఇంత టెన్షన్.

ఇంత బాగా చదివే పిల్లకు ఇట్ల ఎందుకైతది? ఏడాది ఆపాల్నా? తెలిసినవాళ్లు చెప్పండి.

కరీంనగర్, బీటెక్ సెకండియర్

అన్నా, చదువుతుంటే నా సంగతే రాసినట్టుంది. నాకు ఇంటర్‌లో 968. ఎప్‌సెట్‌లో 60 దాటలేదు.

నేను జనవరిలో, ఏప్రిల్‌లో రెండుసార్లు జేఈఈ మెయిన్ రాశా, ఎన్‌ఐటీల సీట్ల కోసం. అక్కడ ఒక్కటి తప్పయితే ఒక మార్కు పోతుంది. తెలియనిది ముట్టుకోవద్దని ఏడాదంతా నేర్చుకున్నా. ఎప్‌సెట్‌లో నెగటివ్ మార్కులు లేవని తెలుసు, అయినా తెలియనిదానికి ఏదో ఒకటి పెట్టాలంటే చేయి రాలేదు. అబద్ధం రాసినట్టు అనిపించింది. చాలా ఖాళీగా వదిలేసి వచ్చా.

ఇంకొకటి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. స్క్రీన్ మీద ప్రశ్న ఇంగ్లిష్‌లో ఉండి కింద తెలుగులో ఉంటుంది. రెండూ చదివేదాన్ని, ఎక్కడ ఏ మాట తప్పిపోతుందో అని. ఇంట్లో ప్రాక్టీస్ అంతా కాగితం మీద చేశా. అక్కడ పై మూలన గడియారం తిరుగుతుంటే కళ్లు అటే పోయినయి.

మీ చెల్లెని ఎన్ని ఖాళీగా వదిలిందో అడగండి. పక్కన కూర్చొని మెల్లగా అడగండి. నన్ను మా ఇంట్లో అడిగిన తీరుకు నేను అబద్ధం చెప్పా.

లెక్కల సార్, హనుమకొండ

బాబూ, 22 ఏళ్లుగా గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ముందు మీ చెల్లె అడిగినదానికి జవాబు. బట్టీతో 75 తెచ్చుకునేవాళ్లు ఉంటారు, నేను చూశాను. కానీ వాళ్లు ఇంకొకరికి చెప్పలేరు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడు "ఎందుకు?" అని రెండోసారి అడిగితే ఆగిపోతారు. మీ చెల్లె రెండేళ్లు వాడలో పిల్లలకు చెప్పింది. ఈ మాట ఆమెకు నా మాటగా చెప్పండి.

ఇక ఆ రెండు పరీక్షల సంగతి. ఇంటర్ లెక్కల పేపర్‌కు మూడు గంటలు. రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఏడింట్లో ఐదు, ఏడు మార్కులవి ఏడింట్లో ఐదు. మొత్తం ఇరవై జవాబులు, ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. చివర్లో ఒక మైనస్ గుర్తు తప్పినా స్టెప్పులకు మార్కులు పడతాయి. ఎప్‌సెట్‌లో అవే మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి 67 సెకన్లు. మీ చెల్లె స్టెప్పులు ఎంత చక్కగా రాసిందో అక్కడ చూసేవాళ్లు లేరు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. సూత్రం రాయి, ప్రతి స్టెప్పూ రాయి, జవాబు కింద గీత గీయి అని రెండేళ్లు మేమే చెబుతాం. శ్రద్ధగా వినే పిల్లకే అది ఎక్కువ పట్టుకుంటుంది. ఒకసారి మాక్ టెస్ట్ అయ్యాక మా క్లాసులో అందరికంటే ముందుండే అమ్మాయి రఫ్ కాగితాలు తీసుకొని చూశాను. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నకు కూడా పైన "సొల్యూషన్" అని రాసి, కింద గీత కొట్టి మొదలుపెట్టింది. చివరి జవాబు దాకా ఒక్క తప్పు లేదు. ఒక్కో లెక్కకు నాలుగు నిమిషాలు. ఆ కాగితాలు చూసి నాకు బాధేసింది, ఎందుకంటే ఆ గీత కొట్టడం నేను నేర్పిందే.

మునుపు ఎంసెట్ రాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఇట్లాంటి పిల్లలను అది కొంత నిలబెట్టేది. 2023లో దాన్ని శాశ్వతంగా తీసేశారు. ఇప్పుడు ఆ మూడు గంటలే లెక్క. తీసేయడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

కీ వచ్చినప్పుడు డౌన్‌లోడ్ చేసుకున్న రెస్పాన్స్ షీట్, అంటే ఆమె పెట్టిన జవాబుల కాగితం, మీ దగ్గర ఉండాలి. ఇద్దరూ కూర్చొని సబ్జెక్టు వారీగా లెక్కపెట్టండి: పెట్టినవి ఎన్ని, అందులో సరైనవి ఎన్ని, ఖాళీ ఎన్ని. పేపర్‌లో ముందు లెక్కలు 80, తర్వాత ఫిజిక్స్ 40, చివర కెమిస్ట్రీ 40 వస్తాయి. కెమిస్ట్రీలో 60కి 60 తెచ్చుకున్న పిల్ల అసలు కెమిస్ట్రీ దాకా చేరిందా? నాకు ముందు అది తెలియాలి. అప్పటిదాకా లాంగ్‌టర్మ్‌కు డబ్బు కట్టకండి. గొలుసు అసలే తీయకండి.

పెద్దపల్లి నుంచి

సార్ చెప్పింది నిజం. మా తమ్ముడిని లాంగ్‌టర్మ్‌లో వేశాం, ఎక్కడో చెప్పను. వాడికి తెలిసిన పాఠాలే మళ్లీ మొదటి నుంచి చెప్పారు. మార్కులు పెరిగినయి, కాదనను. కానీ దసరాకు ఇంటికొచ్చినవాడు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పంపితే మాత్రం వారం వారం పోయి చూసి రండి.

కొత్తవాడ అన్న

నిన్న రాత్రి షాపు మూసొచ్చాక ఇద్దరం కూర్చున్నాం సార్. లెక్కల్లో 58 పెట్టింది, 44 సరైనవి. ఫిజిక్స్‌లో 19 పెడితే 10. కెమిస్ట్రీలో పెట్టినవి ఏడే, అందులో నాలుగు కరెక్ట్. ఖాళీ మొత్తం 76. కెమిస్ట్రీకి చేరేసరికి ఆరు నిమిషాలే మిగిలినయట.

ఆ ఖాళీ వదిలిన 33 కెమిస్ట్రీ ప్రశ్నలు ఆమె ముందు పెట్టా. వంట కూడా కానియ్యకుండా అక్కడే కూర్చొని చేసింది. 24 వచ్చినయి. అమ్మ ఏమైందని అడిగితే ఏడ్చింది, మళ్లీ తనే నవ్వింది.

లెక్కల సార్, హనుమకొండ

నేను అనుకున్నదే. పెట్టిన 84లో 58 సరైనవి. చదువులో లోటుంటే ఇట్లా ఉండదు. ఆ 76కు కళ్లు మూసుకొని ఏదో ఒక ఆప్షన్ పెట్టినా, నాలుగింట్లో ఒకటి చొప్పున సగటున 19 తగులుతాయి. గ్యారంటీ లేదు, కానీ ఖాళీకి మాత్రం సున్నానే.

ఏ సబ్జెక్టు నుంచైనా మొదలుపెట్టవచ్చు. మీ చెల్లె కెమిస్ట్రీతో మొదలుపెట్టాలి. ఫిజిక్స్‌లో మాత్రం పెట్టినవాటిలోనే సగం తప్పు, అక్కడ నిజంగా చదవాల్సింది ఉంది. దానికి హైదరాబాద్ అక్కర్లేదు. ఇప్పుడు కౌన్సెలింగ్‌లో దగ్గర్లో నచ్చిన సీటు వస్తే చేరనివ్వండి. రాకపోతే, లెక్కల మీద ఇష్టం ఉంది కాబట్టి డిగ్రీకి పోవచ్చు; డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు జరిగే దోస్త్‌లో ఇంటర్ మార్కులతోనే సీటు వస్తుంది. హనుమకొండలో బీఎస్సీ లెక్కలు చదివి, ఎమ్మెస్సీ ఎంట్రెన్స్ జామ్ రాసి ఎన్‌ఐటీ వరంగల్‌లోనే ఎమ్మెస్సీకి పోవచ్చు. మళ్లీ ఎప్‌సెట్ రాస్తానంటే ఇంట్లో ఉండి రాయొచ్చు. ఏదైనా ఆమెనే అడగండి.

కొత్తవాడ అన్న

సార్, అన్న ఫోన్ నుంచి నేనే రాస్తున్నా. మళ్లీ రాయాలని ఉంది, ఇంట్లో ఉండే. ఒక డౌట్. కెమిస్ట్రీ ముందు చేస్తే లెక్కలకు టైం సరిపోదు కదా. 80 లెక్కల్లో ఏది వదలాలో చూడగానే ఎట్ల తెలుస్తది? వదిలితే అదే గుర్తుకొస్తుంటది నాకు.

లెక్కల సార్, హనుమకొండ

గుర్తుకొస్తుంది తల్లీ, లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకు అంతే. ప్రశ్న చదివాక మొదటి స్టెప్పు ఏమిటో పావు నిమిషంలో కనిపించకపోతే నంబరు రఫ్‌లో రాసిపెట్టి ముందుకు పో. మొత్తం ఒక చుట్టు అయ్యాక ఆ నంబర్ల దగ్గరికి తిరిగి రా. చివరి ఐదు నిమిషాలు ఖాళీలు నింపడానికే. ఆప్షన్లలో విలువ పెట్టి చూస్తే తేలేవి చాలా ఉంటాయి, అక్కడ పూర్తి సాధన రాయకు.

ఆదివారం తొమ్మిదికి ఒక పాత పేపర్ కంప్యూటర్ మీద మొదలుపెట్టు. ఇంట్లో లేకపోతే నెట్ సెంటర్‌కు పో. పన్నెండుకు ఆపు. వదిలిన ప్రతిదాని పక్కన ఎందుకు వదిలావో ఒక్క మాట రాసి ఇక్కడ పెట్టు, నేను చూస్తాను. సాయంత్రం పిల్లలు వస్తే ఈసారి వెనక్కి పంపకు.