మెబ్ కెఫ్లెజిగి అమెరికా వాడా, ఎరిట్రియా వాడా? (ఏడో క్లాసు ప్రాజెక్టు కోసం)

ఆష్‌లాండ్_అమ్మ:

నమస్కారం అండి. మేం ఉండేది బోస్టన్ దగ్గర ఆష్‌లాండ్‌లో. ఏటా ఏప్రిల్లో బోస్టన్ మారథాన్ మా ఊరి మీదుగానే పోతుంది. ఆ రోజు రోడ్లు మూసేస్తారని పాలు, పెరుగు ముందురోజే తెచ్చి పెట్టుకోవడం తప్ప నాకు దాంతో ఏ సంబంధమూ లేదు ఇన్నాళ్ళూ.

ఇప్పుడు వచ్చి పడింది. వలస వచ్చిన ఒక మనిషి గురించి రాయమని మా వాడికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. వీడు మెబ్ కెఫ్లెజిగి అనే మారథాన్ రన్నర్ని పట్టుకున్నాడు. శనివారం భోజనానికొచ్చిన మా మరిది గోంగూర కలుపుకుంటూ, "వాడు అమెరికా వాడేంట్రా, ఆఫ్రికా నుంచి తెచ్చి జెర్సీ తొడిగారు" అని తేల్చి పారేశాడు. మా వాడు మారు మాట్లాడకుండా లాప్‌టాప్ మూసేసి గదిలోకి వెళ్ళిపోయాడు. వీడు పుట్టింది హైదరాబాద్‌లో. మూడేళ్ళప్పుడు వచ్చాం, గ్రీన్ కార్డు ఇంకా క్యూలోనే ఉంది.

మరిది అన్నది నిజమేనా? ఇంకోటి, నవ్వకండి: రేపు వీడే బాగా పరిగెడితే ఏ దేశం తరఫున పరిగెత్తాలి?

న్యూటన్_కొండమీద:

అక్కా, మీ మరిది "తెచ్చి" అన్నాడు చూడండి, అక్కడే పప్పులో కాలేశాడు. మెబ్‌ని తెచ్చింది వాళ్ళ నాన్న.

మెబ్ పుట్టింది 1975లో, అస్మారాలో. అప్పటికి ఎరిట్రియా అనే దేశమే లేదు, అదంతా ఇథియోపియా కింద ఉండేది. స్వాతంత్ర్యం కోసం యుద్ధం నడుస్తోంది. ప్రాణభయంతో తండ్రి నడుచుకుంటూ సూడాన్ చేరాడు, అక్కణ్ణుంచి ఇటలీ. 1986లో పెళ్ళాం పిల్లల్ని మిలాన్‌కి రప్పించుకున్నాడు. 1987 అక్టోబరులో అందరూ శాన్ డియేగోలో దిగారు. అప్పుడు మెబ్‌కి పన్నెండేళ్ళు, ఇంగ్లిష్ రాదు. తండ్రి తెల్లారకముందే పిల్లల్ని లేపి డిక్షనరీ ముందు కూర్చోబెట్టేవాడట. ఈ సీను మన ఇళ్ళలో వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

మీ వాడికి పనికొచ్చేది ఇది. పరుగు మొదలైంది ఏడో క్లాసు పీఈ పీరియడ్‌లో. మైలు బాగా పరిగెత్తినవాళ్ళకి ఏ గ్రేడు, ఒక టీషర్టు అన్నారు. మెబ్ ఆ టీషర్టు కోసం 5 నిమిషాల 20 సెకండ్లలో పరిగెత్తేశాడు. అక్కణ్ణుంచి యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ). 1998లో సిటిజన్‌షిప్. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌లో వెండి, 2:11:29. అమెరికా మగవాళ్ళకి 1976 తర్వాత అందులో అదే మొదటి పతకం. బంగారం ఇటలీ బల్దీనిది. వాళ్ళ నాన్న మిలాన్‌లోనే ఉండిపోయి ఉంటే ఇద్దరూ ఒకే జెర్సీలో ఉండేవాళ్ళేమో!

మీ మరిది అన్నమాట కొత్తదేం కాదు. 2009లో మెబ్ న్యూయార్క్ మారథాన్ గెలిచాడు. 1982 తర్వాత అక్కడ గెలిచిన మొదటి అమెరికన్ మగవాడు. ఒక టీవీ చానెల్ వెబ్‌సైట్‌లో ఒకాయన 'టెక్నికల్‌గా మాత్రమే అమెరికన్' అన్న ధోరణిలో కాలమ్ రాశాడు. తర్వాత క్షమాపణ చెప్పాడనుకోండి. పన్నెండేళ్ళకి వచ్చి, ఇక్కడే మొదటి మైలు పరిగెత్తినవాడు టెక్నికల్ ఏంటసలు?

2014లో నేను న్యూటన్‌లో ఉండేవాణ్ణి, హెచ్1బీ మీద. ముందు ఏడే బోస్టన్ మారథాన్ ఫినిష్ లైన్ దగ్గర బాంబులు పేలాయి. మారథాన్ జరిగిన ఆ సోమవారం ఆఫీసుకి డుమ్మా కొట్టి, రేసు దారిలో ఉండే హార్ట్‌బ్రేక్ హిల్ అనే కొండ దగ్గర నిలబడ్డాను. ముందు పోలీసు మోటారు సైకిళ్ళు, ఆ వెనక కెమెరా బండి. తర్వాత ఒక్కడే, పొట్టి మనిషి. తల అటూ ఇటూ ఊగడం లేదు, బూట్లు మాత్రం టపటపమంటున్నాయి. వెనకాల రోడ్డు ఖాళీ. ముసలాడు కదా, ముప్ఫై ఎనిమిదేళ్ళు, వాడే అలిసిపోతాడులే అని పెద్ద పెద్ద కెన్యా, ఇథియోపియా రన్నర్లు ముందే వదిలేశారు. తీరా చివర్లో కెన్యా రన్నర్ చెబెట్ ఎంత తరిమినా 11 సెకండ్లు తక్కువయ్యాయి. మెబ్ టైము 2:08:37. 1983 తర్వాత బోస్టన్ గెలిచిన మొదటి అమెరికన్ మగవాడు. ఛాతీ మీది నంబరు కాగితం మూలల్లో, ముందేడు చనిపోయిన నలుగురి పేర్లూ మార్కర్‌తో రాసుకున్నాడు. అది నేను సాయంత్రం టీవీలోనే చూశాను, కొండ మీద కనబడలేదు.

ఆ రోజు ఎవరి నోటా 'టెక్నికల్' రాలేదు. న్యూయార్క్‌లో గెలిచినప్పుడూ ఇదే మనిషి, ఇదే పాస్‌పోర్టు. నాకు ఆ సంగతి మటుకు ఇప్పటికీ మింగుడుపడదు.

పీఈటీ_వరంగల్:

మేడమ్, పైన సార్ మంచిగ చెప్పిండు. కానీ మీ మరిది మాటల అసలు నిజమే లేదని కొట్టిపారేయద్దు. మెబ్ విషయంల తప్పు, వేరేటోళ్ళ విషయంల అట్లనే జరిగింది. కెన్యాల స్టీఫెన్ చెరోనో అని స్టీపుల్‌చేజ్ (అడ్డకర్రలు, నీళ్ళగుంట దుంకుకుంట ఉరికే రేసు) రన్నర్ ఉండె. 2003ల ఖతార్ తీస్కున్నది. పేరు సుత మారింది, సైఫ్ సయీద్ షహీన్. అదే ఏడు పారిస్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌ల బంగారం కొట్టిండు. అదే రేసుల సొంత అన్న కెన్యా జెర్సీల ఉన్నడు! మరుసటేడు ఏథెన్స్ ఒలింపిక్స్‌కు కెన్యా ఒప్పుకోలేదు, పోలేదు. గా కోపంతోనేనేమో, అదే ఏడు బ్రస్సెల్స్‌ల 7:53.63తోని వరల్డ్ రికార్డు పెట్టిండు. 2023 దాకా దాన్నెవ్వరు ముట్టలే.

ఇప్పుడు రూల్ గట్టిగున్నది. ఒక దేశం తరఫున ఆడినంక ఇంకో దేశానికి మారాలంటే మూడేండ్లు ఆగాలె, ఇరవై ఏండ్లు నిండకముందు మారనియ్యరు. మెబ్‌కు ఈ లొల్లే లేదు, ఎరిట్రియా తరఫున ఎన్నడు ఉరకలే.

మీ పోరనికి స్కూల్ల, కాలేజిల ఉరకడానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు. అమెరికా జెర్సీ కావాల్నంటే మాత్రం కావాలె. ఇండియా జెర్సీ కావాల్నంటే ఇండియా పాస్‌పోర్టే ఉండాలె. వేరే దేశం సిటిజన్ అయిన మనోళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు 2008 నుంచి నడవది. ముందుగాల మైలు ఎంతల ఉరుకుతున్నడో చెప్పుర్రి.

ఐండ్‌హోవెన్_రాణి:

మా ఊరి మనిషిని కూడా చూడమనండి. సిఫాన్ హసన్, ఇథియోపియాలో పుట్టింది. 2008లో పదిహేనేళ్ళప్పుడు శరణార్థిగా నెదర్లాండ్స్ వచ్చింది. నర్సింగ్ చదువుతూ ఐండ్‌హోవెన్ క్లబ్బులో పరిగెత్తేది. 2013లో డచ్ పౌరసత్వం. 2024 పారిస్‌లో 5,000, 10,000 మీటర్లలో కంచు పతకాలు తీసుకుని, ఆ రెండోదాని తర్వాత రెండు రోజులకే మారథాన్ బంగారం కొట్టింది! చివరి మలుపులో భుజాలు రాసుకుంటూ మూడు సెకండ్లతో దాటింది ఎవర్నో తెలుసా, ఇథియోపియా అమ్మాయి టిగిస్ట్ అసెఫాని. ఇక్కడ మా ఆఫీసు క్యాంటీన్‌లో ఇథియోపియా అతను ఆ రోజు సంబరపడాలో ఏడవాలో తెలీక కాఫీ చల్లార్చుకున్నాడు.

ఆష్‌లాండ్_అమ్మ:

అందరికీ థాంక్స్ అండి. ఈ లింకు మరిదికి వాట్సాప్ చేశాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మా వాడు మళ్ళీ లాప్‌టాప్ తెరిచాడు, మెబ్‌నే ఉంచుకుంటాడట.

మాస్టారూ, అడిగారు కాబట్టి చెప్తున్నా: మైలు 8 నిమిషాల 5 సెకండ్లు. న్యూటన్ గారి కథ విని, ఇవాళ పీఈ సార్‌ని "టీషర్టు ఇస్తారా" అని అడిగొచ్చాడట. ఇవ్వరట.