మా ఊరి పక్క క్వారీ పెంచుతారంట, వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ. వెళ్ళి ఏం మాట్లాడాలి?

కొండపక్క_ఇల్లు:

అందరికీ నమస్తే. మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరు, పేరెందుకులెండి, మా ఊరోళ్ళు కూడా ఇక్కడ చదువుతుంటారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మానాన్న ఊళ్ళోనే ఉంటారు. ఊరికి పడమటి పక్క కొండ దగ్గర రోడ్డు మెటల్ (కంకర) క్వారీ ఒకటి ఎప్పట్నుంచో ఉంది, దాని పక్కనే రాయి పిండి చేసే క్రషర్. ఇప్పుడు దాన్ని పెంచుతారంట. ఉన్నది 4 హెక్టార్ల చిల్లర, దాన్ని ఆనుకుని ఇంకో 9 హెక్టార్లు అడుగుతున్నారు, వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన పడితే నాన్న ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు.

ఇప్పటికే బ్లాస్టింగ్ అయినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు మోగుతాయి. పక్కింటి వాళ్ళ గోడ కిటికీ మూల నుంచి బీటలిచ్చింది, అది బ్లాస్టింగ్ వల్లా లేక కట్టడమే సరిగ్గా లేదా అంటే ఎవరూ తేల్చి చెప్పరు. మిరప చేలో ఆకుల మీద తెల్లటి పొడి. టిప్పర్లు స్కూల్ ముందు నుంచే పోతాయి. అలాగని ఊళ్ళో అందరూ వద్దనట్లేదు, చాలా ఇళ్ళు దాని మీదే బతుకుతున్నాయి, మా బాబాయ్ కొడుకే అక్కడ జేసీబీ నడుపుతాడు.

నా డౌట్ ఏంటంటే ఈ సభకి వెళ్తే ఏమన్నా ఉపయోగం ఉంటుందా, లేక అంతా ముందే అయిపోయి మనల్ని షామియానా కింద కూర్చోబెట్టి బిర్యానీ ప్యాకెట్ ఇచ్చి పంపడమేనా? పంచాయతీ ఎప్పుడో ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇచ్చేసిందంటున్నారు, మరి ఇంక మాట్లాడేదేముంది? ఊరంతా వద్దంటే ఆగిపోద్దా?

రిపోర్టుల_రాజు:

ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులు రాసే కన్సల్టెన్సీలో కొన్నేళ్ళు పనిచేశాను, ఇప్పుడు ఆ లైన్లో లేను కాబట్టి ఫ్రీగా చెప్తా.

ముందు ఒకటి క్లియర్ చేసుకోండి, అది ఓటింగ్ కాదు. వెయ్యి మంది చేతులెత్తి వద్దన్నా ఆటోమేటిక్‌గా ఆగదు, పది మందే వచ్చినా సభ చెల్లుతుంది, ఎందుకంటే దానికి కోరమ్ (కనీసం ఇంతమంది రావాలన్న లెక్క) అనేదే లేదు. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం నడుస్తుంది ఇదంతా. కలెక్టర్ గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, పొల్యూషన్ బోర్డు వాళ్ళు నిర్వహించాలి, మొత్తం వీడియో తీయాలి. ప్రకటనకీ సభకీ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి, కాబట్టి ఆ పేపర్ ఫోటో జాగ్రత్తగా దాచుకోండి, తేదీ కనపడేలా.

అసలు మీకు సభ ఎందుకు పడిందో కూడా చెప్తా. ఇలాంటి చిన్న ఖనిజాల లీజులు 5 హెక్టార్ల లోపైతే పెద్ద స్టడీ, హియరింగ్ లేకుండా తేలిగ్గా అయిపోయేవి. అందుకే మీరు ఎక్కడ చూసినా 4.9, 4.8 హెక్టార్ల క్వారీలే కనపడతాయి. తర్వాత క్లస్టర్ రూల్ వచ్చింది, అంటే ఒక లీజు అంచు నుంచి ఇంకో లీజు అంచుకి 500 మీటర్ల లోపు ఉంటే అన్నీ కలిపి లెక్కేస్తారు. 2018 సెప్టెంబర్‌లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ కూడా 5 దాటితే ఈఐఏ, ప్రజాభిప్రాయ సేకరణ ఉండాల్సిందే అంది. మీ వాళ్ళు అడిగింది 9 కాబట్టి తప్పించుకునే దారి లేదు.

పంచాయతీ ఎన్ఓసీ వేరు ఇది వేరు, దాన్ని చూపించి ఎవరన్నా "అంతా అయిపోయింది" అంటే నమ్మొద్దు. పర్యావరణ అనుమతి ఇచ్చేది రాష్ట్ర స్థాయి అథారిటీ, దానికి ముందు ఎక్స్‌పర్ట్ కమిటీ ఒకటి ఫైలు చూస్తుంది. ఆ కమిటీలో కూర్చున్నోళ్ళు మీ ఊరు రారు. వాళ్ళ ముందుకి వెళ్ళేది మినిట్స్ (సభలో ఎవరేం అన్నారో రాసిన కాగితం), వీడియో, మీరిచ్చిన కాగితాలు, అంతే. కాబట్టి అక్కడ ఎంత గట్టిగా అరిచామన్నది లెక్కలోకి రాదు, మినిట్స్‌లో ఏం ఎక్కింది అన్నదే లెక్క. "క్వారీ వద్దు, నశించాలి" అంటే "కొందరు వ్యతిరేకించారు" అని ఒక్క లైన్ రాస్తారు. అదే "ఫలానా సర్వే నంబర్లో నా మిరప చేను ఉంది, క్రషర్‌కి ఇంత దూరం, దుమ్ముకి ఏం చేస్తారు" అని అడిగితే కంపెనీ దానికి విడిగా జవాబు రాయాలి, ఫైనల్ రిపోర్టులో పెట్టాలి. హామీ ఏదన్నా ఇస్తే అది బడ్జెట్‌తో సహా వాళ్ళ మేనేజ్‌మెంట్ ప్లాన్లో ఎక్కాలి, 2020 నుంచి అది కూడా ఉంది.

ఇంకో ముఖ్యమైనది. కొత్త క్వారీ కాదు కదా, ఎక్స్‌పాన్షన్. అలాంటప్పుడు పాత అనుమతిలో పెట్టిన షరతులు పాటించారా లేదా అని సర్టిఫైడ్ కంప్లయన్స్ రిపోర్టు కావాలి. పాత అనుమతి లెటర్ పరివేష్ పోర్టల్లో (పర్యావరణ అనుమతుల కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్) వెతకండి, దొరికితే షరతులు ఒక్కొక్కటి చదివి క్వారీ దగ్గరికెళ్ళి చూడండి. గ్రీన్ బెల్ట్ (చుట్టూ చెట్ల వరస) అని రాసి ఉంటుంది, అక్కడ నాలుగు ఎండిపోయిన కానుగ మొక్కలుంటాయి. ఆ ఫోటో ఒక్కటి చాలు.

టిప్పర్_అన్న:

అందరూ క్వారీ అనగానే రాక్షసుడిలా చూస్తారు. మీ హైదరాబాద్ ఫ్లాట్ దేంతో కట్టారు సార్, ఆకాశం నుంచి పడిందా కంకర? నాకు రెండు బండ్లు ఉన్నాయి, ఫైనాన్స్‌లో తీసుకున్నా, క్వారీ ఆగితే కిస్తీ ఎవడు కడతాడు. వ్యవసాయం మీద నాలుగు నెలలు, మిగతా ఎనిమిది నెలలు కూలోళ్ళకి పనిచ్చేది ఇవే.

స్కూల్ ముందు నుంచి పోతాం అంటున్నారు, ఇంకో రోడ్డు ఉంటే మేము మాత్రం ఎందుకు పోతాం, పిల్లలు అడ్డం వస్తారేమో అని గుండె గుప్పెట్లో పెట్టుకుని తోలతాం. బైపాస్ వెయ్యమని మేము కూడా అడిగాం, మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు.

మైన్స్_మేట్:

టిప్పర్ అన్న చెప్పినదాంట్లో తప్పేం లేదు, నేనూ క్వారీల్లోనే బతికినోణ్ణి. కానీ సక్రమంగా చేస్తే గిన్నెలు మోగాల్సిన అవసరం లేదండీ, అది మాత్రం గట్టిగా చెప్తా.

అదురు ఎక్కువ రావడానికి కారణం మామూలుగా ఒకేసారి పేలే మందు ఎక్కువ కావడం. హోల్స్ అన్నీ ఒకటే దెబ్బకి పేల్చకుండా మిల్లీ సెకన్ల తేడాతో డిలే డిటోనేటర్లు పెట్టి పేలిస్తే, ఒక్కో డిలేకి పడే చార్జ్ తగ్గితే, భూమిలో వచ్చే అదురు బాగా తగ్గిపోద్ది. రాళ్ళు ఎగిరి చేలల్లో పడుతున్నాయంటే హోల్ పైన మట్టి, డ్రిల్లింగ్ పొడి సరిగ్గా కూరలేదని గానీ, ముందు వైపు రాయి మందం తక్కువున్న చోట ఎక్కువ మందు పెట్టారని గానీ అర్థం. ఖర్చు, టైము మిగుల్చుకోడానికి చేస్తారు కొందరు, లైసెన్స్ ఉన్న బ్లాస్టర్ పేరు కాగితం మీద ఉంటుంది, పేల్చేది ఇంకెవడో.

మీరు "అదురుతోంది" అంటే వాళ్ళు "లిమిట్ లోపలే ఉంది" అంటారు, కాబట్టి లిమిట్ ఏంటో మీకు తెలియాలి. గనుల భద్రత డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ఉంది, బయటివాళ్ళ ఇళ్ళకైతే అదురు ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్నది) 8 హెర్ట్జ్ లోపు ఉన్నప్పుడు అదురు వేగం సెకనుకి 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య అయితే 10, అంతకు మించితే 15. పాత గుళ్ళు గోపురాలకి ఇంకా తక్కువ, 2 నుంచి మొదలు. కొలిచే మిషన్ ఉంటుంది, దాన్ని క్వారీ ఆఫీసు దగ్గర కాదు, మీ ఊళ్ళో క్వారీకి దగ్గరగా ఉన్న మొదటి ఇంటి దగ్గర పెట్టి బ్లాస్టింగ్ రోజు రీడింగ్ తీసి, ఆ కాగితం పంచాయతీ బోర్డు మీద అంటించమని అడగండి. ఇది న్యాయమైన కోరిక, ఎవరూ కాదనలేరు.

బీటల సంగతికొస్తే కొత్త తవ్వకం మొదలవ్వక ముందే ఇల్లిల్లూ తిరిగి గోడల ఫోటోలు తీయించాలి, సర్వే లాగా. లేకపోతే రేపు కొత్త బీట చూపిస్తే "ఇది పాతదే" అంటారు, పక్కింటి గోడ విషయంలో మీరు పడుతున్న తిప్పలే అందరికీ వస్తాయి.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు, పేలుడు మందు ఎక్కడ దాస్తారు, ఏ దారిన తెస్తారు అని అడగండి. 2021 మేలో కడప జిల్లా మామిళ్ళపల్లెలో జిలెటిన్ స్టిక్స్ దించుతుంటేనే పేలి పది మంది పోయారు.

చీమకుర్తి_కోడలు:

మాది గెలాక్సీ గ్రానైట్ ఏరియా అండి, రామతీర్థం వైపు. మీది కంకర క్వారీ కాబట్టి పేలుడు గొడవ, మా వైపు బ్లాకులు వైర్ సా (తీగ రంపం) తో కోస్తారు కాబట్టి పేలుడు తక్కువ, మా గొడవ వేరు, వేస్ట్ డంపులు. తీసిన రాయిలో ఎక్స్‌పోర్ట్‌కి పనికొచ్చేది కొంతే, మిగతాదంతా పక్కన పోసుకుంటూ పోతారు, ఇప్పుడు అసలు కొండలు ఏవో డంపులు ఏవో కొత్తగా వచ్చినోళ్ళకి తెలియదు. ఇంకోటి గుంటలు. లోతు ఎంత పోతారో మొదట్లో ఎవరూ అడగలేదు.

అందుకే నీళ్ళ గురించి తప్పకుండా అడగండి. రిపోర్టులో గుంట చివరికి ఎంత లోతు అవుద్దో రాసి ఉంటది, ఆ ఊళ్ళో భూగర్భ జలం ఎంత లోతులో ఉందో కూడా ఉంటది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. గుంటలో నీళ్ళు ఊరితే మోటార్ పెట్టి తోడేస్తారు, అప్పుడు చుట్టుపక్కల బోర్ల సంగతేంటి? తోడిన నీళ్ళు ఎవరి చేలోకి వదుల్తారు? మీ ఊరి బోర్లు ఎన్ని అడుగులు, ఎండాకాలం ఎంత నీళ్ళు వస్తున్నాయి అని ఇప్పుడే ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, ఎవరి బోరు వాళ్ళ సంతకంతో.

తర్వాత డబ్బులు. 2015లో చట్టం మార్చాక ప్రతి జిల్లాకీ మినరల్ ఫౌండేషన్ ఉంది, లీజుదారులు సీనరేజీ (తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) మీద కొంత దానికి కట్టాలి, అది గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ళకే ఖర్చుపెట్టాలి. మీ ఊరు ప్రభావిత గ్రామాల లిస్టులో ఉందా అని కనుక్కోండి. లేకపోతే దుమ్ము మీకు, సీసీ రోడ్డు ఇంకో ఊరికి.

ఆడవాళ్ళని తీసుకెళ్ళండి తప్పకుండా. మగాళ్ళు మాట్లాడితే పార్టీ గొడవ అని కొట్టిపారేస్తారు. బట్టలు ఆరేస్తే దుమ్ము, పిల్లలకి దగ్గు, ఇవి మా అత్తలాంటి వాళ్ళు చెప్తే ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

కొండపక్క_ఇల్లు:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. టిప్పర్ అన్నా, మీ మీద కోపం ఏం లేదు, బైపాస్ సంగతి మీరు చెప్పాకే తట్టింది, డ్రైవర్లే అడిగితే దానికి ఇంకా బలం కదా.

నాన్న పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి అడిగాడు. రిపోర్టు వచ్చింది గానీ పెద్ద ఇంగ్లీషు పుస్తకం, ఇంటికివ్వను ఇక్కడే చూసుకోమన్నాడంట సెక్రటరీ. నాన్న పదో తరగతి, ఏం చూసుకుంటాడు. నేను ఈ ఆదివారం ఊరెళ్తున్నా, ఫోన్‌తో పేజీలు ఫోటో తీసుకోవచ్చా?

ఇంకోటి, జేసీబీ నడిపే మా తమ్ముడు సభలో మాట్లాడతా అంటున్నాడు. దుమ్ములో పనిచేసేది వాడే, మాస్క్ కూడా ఇవ్వరు. కానీ మాట్లాడితే తెల్లారి పని ఉంటుందా?

రిపోర్టుల_రాజు:

తెలుగులో సారాంశం ఇవ్వడం వాళ్ళ దయ కాదు, రూల్. ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలో సమ్మరీ పెట్టాల్సిందే. పంచాయతీలో లేకపోతే కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, వీటిల్లో కూడా కాపీలు ఉండాలి. ఎక్కడా తెలుగు కాపీ లేకపోతే పొల్యూషన్ బోర్డు ప్రాంతీయ ఆఫీసుకి లెటర్ రాసి రసీదు తీసుకోండి, ఆ రసీదు సభలో చదవండి. ఫోటోలు తీసుకోండి, జనం చూడ్డానికే కదా అక్కడ పెట్టింది.

ఇంగ్లీషు పుస్తకంలో కూడా మొత్తం చదవక్కర్లేదు. గాలి, నీరు శాంపిల్స్ ఎప్పుడు ఎక్కడ తీశారో చూడండి, మామూలుగా వర్షాకాలం కాకుండా ఒక సీజన్, మూడు నెలల డేటా ఉంటుంది. గాల్లో పీఎం 10 (సన్నటి దుమ్ము) లిమిట్ 24 గంటల సగటు ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు, వాళ్ళ టేబుల్లో మీ ఊరి పేరు ఎదురుగా 55, 60 అని ఉంటే ఆ శాంపిల్ మిషన్ ఏ ఇంటి మీద పెట్టారు అని అడగండి, ఊళ్ళో ఎవరో ఒకరు చూసి ఉండాలి కదా. చెట్లు, జంతువుల లిస్టు కూడా ఒకసారి చూడండి, నవ్వొస్తుంది, ఒక జిల్లా రిపోర్టులోంచి ఇంకో జిల్లాకి కాపీ కొట్టేటప్పుడు ఊరి పేర్లు మార్చడం మర్చిపోయినవి నేనే చూశా. అలాంటిది దొరికితే పేజీ నంబర్‌తో రాసివ్వండి, కమిటీలో కూర్చున్నోళ్ళకి అలాంటివి తొందరగా ఎక్కుతాయి.

సభ చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి. అప్పటిదాకా జనం ఉండరు, ఎండ, ఆకలి, వెళ్ళిపోతారు. ఒక నలుగురు మాత్రం కూర్చోండి, చెప్పినవి రాలేదంటే అక్కడే లేచి చెప్పండి. అనుమతి వచ్చాక పేపర్లో ప్రకటన ఇస్తారు, అప్పట్నుంచి 30 రోజుల్లో చెన్నైలో ట్రిబ్యునల్ సదరన్ బెంచ్‌కి అప్పీల్ చేసుకోవచ్చు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా ఆలస్యాన్ని మన్నిస్తారు. అక్కడికెళ్తే ఈ మినిట్సే సాక్ష్యం.

మైన్స్_మేట్:

తమ్ముణ్ణి మాట్లాడనివ్వొద్దు. సభకొచ్చినోళ్ళ పేర్లన్నీ రాస్తారు, వీడియో కూడా ఉంటది, కాంట్రాక్టర్ అదే రోజు సాయంత్రం చూస్తాడు. వాడు పనిచేసే దుమ్ము గురించి మీ బాబాయ్ గానీ పిన్ని గానీ అడగొచ్చు, తడిపి డ్రిల్లింగ్ చేస్తున్నారా, క్రషర్ మీద కవర్లు, నీళ్ళ స్ప్రే ఉన్నాయా, పనివాళ్ళకి ఊపిరితిత్తుల పరీక్ష ఎప్పుడు చేశారు, ఆ రిపోర్టులు చూపించండి అని. సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఒకసారి వస్తే తగ్గేది కాదు, కాబట్టి ఆ ప్రశ్న వదలొద్దు.

టిప్పర్_అన్న:

మీ మండలం ఏదో మెసేజ్ చెయ్యండి. బైపాస్ గురించి మా యూనియన్ లెటర్‌హెడ్ మీద రాసిస్తా, టార్పాలిన్ కప్పే విషయం కూడా కలుపుతా. క్వారీ మూసెయ్యమని మాత్రం రాయను.