గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బ్రాకీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్): ఎంఆర్‌ఐ తప్పనిసరా, సీటీ చాలా?

తిరుపతి_ఆంకో: ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి ఇచ్చే రేడియేషన్) 45 గ్రే (డోసు కొలత), 25 ఫ్రాక్షన్లు (విడతలు) అయ్యాక బ్రాకీకి వచ్చే పేషెంట్ల గురించి. ఎంఆర్‌ఐ స్లాట్ దొరకట్లేదని చాలా చోట్ల సీటీ ఒక్కటే తీసి ప్లాన్ చేసేస్తున్నారు. కనీసం మొదటి ఫ్రాక్షన్‌కైనా అప్లికేటర్ (రేడియేషన్ మూలాన్ని లోపలికి పంపే గొట్టాల సాధనం) లోపల ఉండగానే ఎంఆర్‌ఐ ఉండాలంటాను. టీ2లో (ఎంఆర్‌ఐలో ఒక రకం చిత్రం) మిగిలిన గడ్డ బూడిద రంగులో విడిగా తెలుస్తుంది. సీటీలో గడ్డ, సర్విక్స్ (ముఖద్వారం), పారామెట్రియం (దాని పక్కల కణజాలం) అన్నీ ఒకే ఛాయ. 2005లో యూరప్ బ్రాకీ నిపుణుల బృందం జీఈసీ-ఎస్ట్రో హెచ్‌ఆర్-సీటీవీని (పూర్తి డోసు అందాల్సిన, ఎక్కువ ప్రమాదమున్న ప్రాంతం) నిర్వచించింది ఎంఆర్‌ఐ మీదే. ఎంబ్రేస్ అధ్యయనంలో ఐదేళ్లకు 92 శాతం లోకల్ కంట్రోల్ వచ్చిందీ దానితోనే.

చిత్తూరు_ఫిజిక్స్: మేడమ్, ముందు అప్లికేటర్ సంగతి చూడండి. మన జిల్లాల్లో ఇంకా స్టీలువే ఎక్కువ. వాటితో ఎంఆర్‌ఐ గదిలోకి పోలేం. టైటానియం పెట్టినా టాండమ్ (గర్భసంచిలోకి వెళ్లే గొట్టం) కొన దగ్గర నల్లమచ్చ పడి, కొన ఎక్కడుందో తేలదు. అప్లికేటర్‌ను ముందుకో వెనక్కో ఒక్క మిల్లీమీటరు తప్పుగా గీస్తే బ్లాడర్, రెక్టమ్ డోసు సుమారు 5-6 శాతం మారిపోతుంది. సీటీలో ఆ గొడవ లేదు.

బ్రాకీ_టెక్: ఏ స్కానైనా సరే, బ్లాడర్‌లో ప్రతిసారీ ఒకే కొలత సెలైన్ పెట్టండి, 50 మి.లీ. అయితే 50 మి.లీ.నే. స్కాన్‌కి ఒకలా, ట్రీట్‌మెంట్‌కి ఒకలా ఉంటే ప్లాన్‌కి అర్థం లేదు.

తిరుపతి_ఆంకో: సీటీలో హెచ్‌ఆర్-సీటీవీ వెడల్పు ఎక్కువ గీస్తాం. దీనికి జవాబు చెప్పండి.

చిత్తూరు_ఫిజిక్స్: ఎక్కువ గీస్తే గడ్డ తప్పిపోదు కదా?

తిరుపతి_ఆంకో: లేని వెడల్పును కవర్ చేయబోతే బ్లాడర్ 2 సీసీ (అందులో ఎక్కువ డోసు పడే 2 సీసీ భాగం) 90 గ్రే దాటుతుంది, రెక్టమ్ 75 దాటుతుంది. అప్పుడు లోడింగ్ (మూలం ఆగే సమయం) తగ్గిస్తారు. డీ90కి (90 శాతం భాగానికి అందే కనీస డోసు) 85 రావాల్సిన అసలు గడ్డకే డోసు తగ్గుతుంది.

పీలేరు_రేడియో: టాండమ్ పెట్టేటప్పుడే పొట్ట మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి చూడండి. రేడియేషన్‌కి ద్వారం ముడుచుకుపోయి, గర్భసంచి వెనక్కి వంగి ఉంటే టాండమ్ గోడను పొడుచుకుపోతుంది. సీటీకి వెళ్లాక తెలిస్తే మళ్లీ మొదటికి రావాలి.

చిత్తూరు_ఫిజిక్స్: వెడల్పు, వెడల్పు అని అక్కడే ఆగిపోతున్నారు. ఎమర్జెన్సీలే ముందని మా బ్రాకీ పేషెంట్లను ఎంఆర్‌ఐ దగ్గర ఎన్నిసార్లు వెనక్కి పంపారో మీకు తెలియదు. మొత్తం ట్రీట్‌మెంట్ 56 రోజులు దాటితే జవాబు ఎవరిది? పలమనేరు నుంచి వచ్చే ఆమెను వేలూరుకు పొమ్మంటే సగంలో మానేస్తుంది. మీ షరతుకు బలయ్యేది ఆమె!

తిరుపతి_ఆంకో: ఆపమని నేనెక్కడన్నాను? నా కోపం సీటీ మీద కాదు. సీటీ తీసి కూడా పాయింట్ ఏకి (అప్లికేటర్ నుంచి కొలిచే ఒక స్థిర బిందువు) 7 గ్రే రాసి పంపేస్తున్నారు. ఫ్లాంజ్ (టాండమ్ మీద ముఖద్వారం దగ్గర ఆగే బిళ్ల) నుంచి 2 సెం.మీ. పైకి, 2 సెం.మీ. పక్కకి, గడ్డ చిన్నదైనా పెద్దదైనా అదే డోసు. ఫైల్లో స్కాన్ ఉంటుంది, కాంటూర్ (గడ్డ, అవయవాల చుట్టూ గీసే హద్దు) ఉండదు. "సీటీ చాలు" అన్న మాట అక్కడ సాకుగా పనికొస్తోంది.

చిత్తూరు_ఫిజిక్స్: అది నిజమే. కానీ కాంటూర్ గీసేది డాక్టర్లు. లిథోటమీ (కాళ్లు పైకెత్తి పడుకోబెట్టే భంగిమ) నుంచి దించి, అప్లికేటర్‌తో పడుకోబెట్టి, స్పైనల్ మత్తు దిగుతుండగా గీయమంటే ఎవరూ కూర్చోరు. నేను పాయింట్ ఏ ప్లాన్ ఇచ్చేది అందుకే.

పీలేరు_రేడియో: అప్లికేటర్ లేకుండానే ఎక్స్‌టర్నల్ నాలుగో, ఐదో వారంలో ఎంఆర్‌ఐ తీయండి. స్లాట్ కోసం ఆ రోజే పరుగెత్తక్కర్లేదు. బ్రాకీ రోజు పర్ రెక్టల్ పరీక్ష చేసి, పారామెట్రియం ఎటు ఎంత ఉందో బొమ్మ గీసి, రెండూ పక్కన పెట్టుకుని సీటీ మీద కాంటూర్ చేయండి.

తిరుపతి_ఆంకో: ఒప్పుకుంటా, చిన్న గడ్డలకైతే. బ్రాకీ నాటికీ పారామెట్రియంలో పక్కకు బాగా మిగిలి ఉంటే నీడిల్స్ (పక్కకు డోసు చేర్చే సూదులు) కావాలి. అలాంటి కేసులకు అప్లికేటర్‌తో ఎంఆర్‌ఐ విషయంలో నేను తగ్గను.

చిత్తూరు_ఫిజిక్స్: నీడిల్ సెట్ మా దగ్గర లేదు. అలాంటివాళ్లను అవి ఉన్న చోటికి నాలుగో వారంలోనే పంపుతాం, ఎక్స్‌టర్నల్ అయిపోయాక కాదు. మిగతావాళ్లకు కాంటూర్ లేని ప్లాన్ మీద నేను సంతకం పెట్టను. గీయడానికి డాక్టర్‌ను కూర్చోబెట్టేది మాత్రం మీరే చూడాలి, మేడమ్.