70 వేలు ఉన్నాయి: పీఎస్5 కొనాలా, పీసీ కట్టించుకోవాలా?

మధురవాడ కుర్రోడు
అన్నలకి నమస్కారం. రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగంలో చేరి పది నెలలైంది. 70 వేలు దాచాను. ఇంట్లో ఉన్న లాప్‌టాప్ ఆఫీసుది, అందులో ఏమీ ఎక్కించనివ్వరు. నాకు కథ ఉన్న గేమ్స్ ఇష్టం. ఫ్రెండ్స్ అందరూ పీసీలో వాలొరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడతారు. జీటీఏ 6 గేమ్ వచ్చిన రోజే ఆడాలని కోరిక. హాల్లో 43 అంగుళాల టీవీ ఉంది. దానికి తగిలించే సోనీ గేమ్ కన్సోల్ పీఎస్5 ఆ, పీసీనా, ఏది కొనమంటారు? మా బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది, అదీ చెప్పాలి కదా.

పునుగుల ప్లేట్
పీఎస్5. అయిపోయింది, థ్రెడ్‌కి తాళం వేసేయండి.

ఉక్కునగరం
తాళం తర్వాత వేద్దురుగానీ. తమ్ముడూ, నీ ఫ్రెండ్స్ ఆడేది పీసీ వాలొరెంట్. కన్సోల్‌కి ఆ గేమ్ 2024లో వచ్చింది నిజమే, కానీ కన్సోల్ వాళ్ళు కన్సోల్ వాళ్ళతోనే ఆడాలి. పీఎస్5 కొన్నాక వాళ్ళతో కలిసి ఆడలేవు. ఇది ఎవరూ చెప్పరు. ఇక డబ్బు. సోనీ సొంత పెద్ద గేమ్ కొత్తది కొంటే 4,999 దాకా. డబ్బు పెట్టి కొన్న గేమ్‌ని ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా వేరే. పీసీలో ఆ చందా లేదు. పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్‌లో కొన్నది నచ్చకపోతే 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు. 2020 మేలో ఎపిక్ స్టోర్‌లో జీటీఏ 5 ఉచితంగా పంచారు, నా దగ్గర ఉన్నది అదే కాపీ. అన్నిటికీ మించి పీసీ రేపు నీ పనికీ చదువుకీ ఉపయోగపడుతుంది. కన్సోల్ ఆటకి తప్ప దేనికీ పనికిరాదు.

లైట్‌హౌస్
మళ్ళీ "చదువుకి ఉపయోగపడుతుంది" మొదలైందా! కుర్రాడు ఉద్యోగస్తుడండీ, ఏం చదువు?

జీటీఏ 6 మొదటి రోజు అన్నాడు, అది చూడండి. ముందు పీఎస్5కీ మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ మాత్రమే అని ప్రకటించారు. జీటీఏ 5 కన్సోల్‌కి 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి 2015 ఏప్రిల్. అదే కంపెనీ గేమ్ రెడ్ డెడ్ 2 మన కన్సోల్‌కి 2018 అక్టోబరు, మీ పీసీకి 2019 నవంబరు. అంతకాలం కథ చెవిన పడకుండా చెవుల్లో దూది పెట్టుకుని తిరగాలి. 4,999 అంటారా, డిస్క్ కొంటే ఆడేశాక అమ్ముకోవచ్చు. నేను ప్రతి డిస్కూ నెలలో తిప్పేస్తాను. మీ స్టీమ్ గేమ్ అమ్మి చూపించండి.

అసలు మాట సముద్రం. మాది పెద వాల్తేరు. 2018లో పీసీకి జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. రెండున్నరేళ్ళకి స్క్రీన్ మీద గీతలు. విప్పి చూస్తే బ్రాకెట్ నుంచి స్క్రూల దాకా తుప్పు. షాపుకి పట్టుకెళితే వారంటీ ఇంకా ఆరు నెలలు ఉన్నా "తుప్పుకి వారంటీ వర్తించదు సార్" అని చేతిలో పెట్టాడు. ఆ రోజే పీసీకి దండం పెట్టేశాను.

ఉక్కునగరం
పీఎస్5లోకి గాలి ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నారు, ఊటీ నుంచా? అదే వైజాగ్ గాలి, అదే ఉప్పు. తేడా ఏంటంటే, పీసీలో తుప్పు పట్టిన ముక్క తీసి ఇంకోటి పెట్టుకుంటాం. పీఎస్5లో బోర్డు పోతే మొత్తం పోయినట్టే. చిప్‌కీ దాన్ని చల్లబరిచే హీట్‌సింక్‌కీ మధ్య లిక్విడ్ మెటల్ ఉంటుంది, వీధి చివర మెకానిక్ చెయ్యి పెట్టే వ్యవహారం కాదు. ఇంతకీ మీ పీసీ కిటికీ పక్కన పెట్టారా?

లైట్‌హౌస్
కిటికీకీ దీనికీ ఏటి సంబంధం?

ఉక్కునగరం
అదే సంబంధం. ఏ వైపు కిటికీ?

లైట్‌హౌస్
తూర్పు. గాలి కోసం తెరుస్తాం. మనుషులు ఉండే గది అండి అది, సర్వర్ రూమ్ కాదు.

ఉక్కునగరం
చూశారా. తూర్పు కిటికీ తెరిచి, కేబినెట్ ఫ్యాను దాని ఎదురుగా పెట్టి, తప్పు పీసీ మీద వేస్తున్నారు. నా చేతులతో నలభైకి పైగా పీసీలు బిగించాను, సగం గాజువాకలోనే. వాడనప్పుడు గుడ్డ కప్పి, మూడు నెలలకోసారి బ్లోయర్ కొట్టినవి ఒక్కటీ పోలేదు.

డాబాగార్డెన్స్ డీలరు కాదు
గాజువాకలో సముద్రం గాలి కంటే దుమ్మెక్కువ కదా గురూ. ఉప్పు లెక్క వేరు, దుమ్ము లెక్క వేరు.

సీతమ్మధార అక్క
కిటికీ సంగతి పక్కన పెట్టండి. బాబూ, కరెంటు ఆలోచించావా? మా అబ్బాయి గేమింగ్ పీసీకి మామూలు 600 వీఏ యూపీఎస్ పెట్టాం. అది మోసేది 360 వాట్లో ఎంతో. కరెంటు పోగానే కుయ్యిమని ఆగిపోయేది. పీఎస్5 ఆడేటప్పుడు 200 వాట్ల దగ్గర ఉంటుంది కాబట్టి అదే యూపీఎస్ మీద బతుకుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టుకో, లేకపోతే మారే లోపే మిషన్ రీస్టార్ట్ అవుతుంది. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. 70 వేలల్లో మానిటరు, యూపీఎస్ కూడా కలిపితే గ్రాఫిక్స్ కార్డు దగ్గర రాజీపడాల్సిందే.

మధురవాడ కుర్రోడు
థాంక్స్ అక్కా. ఇన్వర్టర్ ఉంది. మోడ్ సంగతి తెలీదు, రేపు చూస్తాను.

ఉక్కునగరం
అక్క చెప్పింది ఒప్పుకుంటాను. ర్యామ్ ఇప్పటికి 16 జీబీ వేసుకో, మిగతాది తర్వాత పెంచుకోవచ్చు. అదే కదా పీసీ గొప్పతనం. అంత డబ్బు పోసి బొమ్మ కొనడం కంటే నయం.

లైట్‌హౌస్
బొమ్మ! వచ్చింది అసలు మాట. పది పోస్టుల నుంచి దీనికోసమే చూస్తున్నా. ఆడుకోవడానికి కొనుక్కుంటే బొమ్మ, అదే పని చేసే పెట్టెకి "చదువు" అని చీటీ అంటిస్తే వస్తువు. మీ పీసీలో రోజూ ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు ఆట? నిజం చెప్పండి.

ఉక్కునగరం
నా గంటలు మీకెందుకండీ? మీకు ఒకసారి కార్డు పోయిందని ఊళ్ళో కుర్రాళ్ళందరినీ కన్సోల్ వైపు తోలుతున్నారు. కిటికీ మూసుకోవడం రాని వాళ్ళు సలహాలిస్తే ఇలాగే ఉంటుంది.

పునుగుల ప్లేట్
కిటికీ మళ్ళీ వచ్చింది 😂

లైట్‌హౌస్
కార్డు పోయినందుకు కాదు. చెప్పకూడదనుకున్నాను, చెప్పించారు.

2012లో ఇంజినీరింగ్‌లో చేరగానే ప్రాజెక్టులకి కావాలని మా నాన్నతో పీసీ కొనిపించాను. పీఎఫ్‌లోంచి తీశారాయన. నేను లోపల తలుపేసుకుని రాత్రి రెండింటి దాకా ఆడేవాణ్ణి. చదువుకుంటున్నాననుకుని ఆయన హాల్లో టీవీ సౌండు తగ్గించి, దాదాపు మూగగా పెట్టుకుని వార్తలు చూసేవారు. నాలుగేళ్ళు. ఇప్పుడు ఆయన లేరు. అందుకే నాకు ఈ "చదువుకి ఉపయోగపడుతుంది" అనే మాట పడదు. నా పీఎస్5 హాల్లో ఉంది. మా ఆవిడకి, పిల్లలకి, అందరికీ తెలుసు అది ఆటకే అని. నాకు కావలసింది అదే.

సీతమ్మధార అక్క
అయ్యో.

ఉక్కునగరం
లైట్‌హౌస్ గారూ, బొమ్మ అన్నందుకు ఏమీ అనుకోకండి. కానీ మీరు పొరపడుతున్న చోటు ఒకటుంది.

"చదువుకి" అనే మాట మీ ఇంట్లో అబద్ధం. మా ఇంట్లో అదొక్కటే దారి. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కూలీ. జీతం ఏ నెల వస్తుందో, ఏ నెల రాదో తెలీదు. ఆటకి 50 వేలు కావాలని ఆ మనిషిని అడగడానికి నాకు నోరు ఉంటుందా? చదువుకి అంటేనే మా మావయ్య సెకండ్ హ్యాండ్ పీసీ ఇప్పించాడు. నేనూ ఆడాను, కాదనను. గేమ్ నడవక, ఎందుకు నడవట్లేదో చూద్దామని విప్పి విప్పి ఈ పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఇల్లు గడిచేది దాంతోనే. ఆటని ఆట అని హాల్లో పెట్టుకోగలగడం కూడా ఒక స్థోమతేనండి. అది అందరికీ ఉందనుకుని మాట్లాడితే నాకూ పడదు.

లైట్‌హౌస్
ఇది నాకు తట్టలేదు.

అయినా ఈ కుర్రాడు అడుగుతున్నది సొంత జీతంతో కదా. వాడు ఎవరికీ సాకు చెప్పనక్కర్లేదు.

ఉక్కునగరం
అది సరే.

మధురవాడ కుర్రోడు
అన్నా, చిన్న సమస్య. ఆ 70 వేలల్లో 30 అమ్మవి. ఆఫీసు పనికి సిస్టమ్ కావాలని చెప్పాను.

పునుగుల ప్లేట్
ఒరేయ్!!

లైట్‌హౌస్
ముందు వెళ్ళి అమ్మకి నిజం చెప్పు. తర్వాత ఏది కొన్నా నేను నోరెత్తను.

ఉక్కునగరం
నేనైతే పీసీ కొని నిజంగానే పని చెయ్యమంటాను. అప్పుడు అబద్ధం కాదు కదా. వాలొరెంట్ అందులోనే ఆడుకో, జీటీఏ 6 మాత్రం ఆగి ఆడాలి.

లైట్‌హౌస్
మీరు మారరు.

ఉక్కునగరం
మారను. ఇంతకీ ఆ 1060 ఇంకా ఉందా, పారేశారా?

లైట్‌హౌస్
అటక మీద ఉంది.

ఉక్కునగరం
తుప్పు బ్రాకెట్ వరకే ఆగి, బోర్డు మీద పచ్చగా చిలుము పట్టకపోతే బతికే అవకాశం ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి చూస్తాను. ఆదివారం గాజువాక వైపు వస్తే పట్టుకురండి. డబ్బులొద్దు. కిటికీ విషయంలో మాత్రం నా మాట నాదే.